పల్లెను దాచుకున్న బొమ్మల ఊరు

ఎడ్లబండి తోలుతున్న రైతు, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, కవ్వంతో మజ్జిగ చిలుకుతున్న ఇల్లాలు, అంబారీ మీద ఊరేగుతున్న రాజు... ఇవన్నీ ఒకేచోట కనిపించాలంటే ఇప్పుడు ఏ పల్లెకు వెళ్లినా లాభం లేదు. కొండపల్లి వెళ్లాల్సిందే! బయట కనుమరుగైన పల్లెటూరిని కొయ్యలో భద్రంగా దాచిపెట్టిన ఊరది. మరి ఆ ఊరిని కాపాడేదెవరు?

విజయవాడ నుంచి మైలవరం వెళ్లే దారిలో ఇబ్రహీంపట్నం దాటగానే ఎడమవైపు పచ్చటి కొండలు పలకరిస్తాయి. ఆ కొండల ఒడిలోనే ఉంది కొండపల్లి. బెజవాడకు గట్టిగా ఇరవై కిలోమీటర్ల దూరం. ఊళ్లో బొమ్మలు చేసేవాళ్లు ఉండే వీధుల్లోకి అడుగుపెడితే చాలు, ఎక్కడికొచ్చామో ఎవర్నీ అడగక్కర్లేదు. అరుగుల మీద ఉలి చప్పుళ్లు, గుమ్మాల ముందు ఎండకు ఆరబెట్టిన తలల్లేని ఏనుగులు, కాళ్లు అతకని ఎద్దులు, రంగు పడని రాజులూ రాణులూ... ఊరి సంగతి అవే చెప్పేస్తాయి.

కోట నీడన...
కొండపల్లి చరిత్ర కొండ మీద మొదలవుతుంది. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల ఏలుబడిలో ఇక్కడ కోట వెలిసిందని చెబుతారు. తర్వాత అది గజపతుల చేతికి వెళ్లింది. కళింగ దండయాత్రలో భాగంగా శ్రీకృష్ణదేవరాయలు దాన్ని గెలుచుకున్నాడు. ఆపైన గోల్కొండ కుతుబ్‌షాహీలు, మొఘలులు, నిజాములు పాలించారు. 1766లో ఆంగ్లేయుల వశమైంది. ఇంతమంది ఎందుకు కన్నేశారంటే... కృష్ణా తీరానికీ తెలంగాణకూ మధ్య రాకపోకల మీద నిఘా పెట్టాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు మరి!

ఏలినవాళ్లంతా వెళ్లిపోయారు. కోటలో మిగిలినవి శిథిలమైన మహళ్లు, ఏనుగుల శాల, గరీబ్ సాహెబ్ దర్గా. రాజుల వైభవం మాత్రం కొండ దిగి ఊళ్లోకి వచ్చింది... బొమ్మల రూపంలో. కొండపల్లి అనగానే గుర్తొచ్చే అంబారీ ఏనుగు అలా పుట్టినదే కాబోలు.

ఎక్కడి నుంచి వచ్చారు?
ఇక్కడ తరతరాలుగా బొమ్మలు చేస్తున్నవాళ్లు ఆర్యక్షత్రియులు. వీళ్ల పూర్వీకులు సుమారు నాలుగు శతాబ్దాల కిందట రాజస్థాన్ నుంచి వలస వచ్చారని చెప్పుకుంటారు. శివుడి అనుగ్రహంతో సకల శిల్పకళలూ నేర్చిన ముక్తర్షి తమ మూలపురుషుడని వీళ్ల నమ్మకం. బొమ్మలే కాదు, దేవాలయాల్లో ఉత్సవాలకు వాడే గరుడ, నంది, సింహ వాహనాలు కూడా ఈ చేతుల్లోనే రూపుదిద్దుకున్నాయి. ఎక్కడినుంచి వచ్చినా, చేసిన బొమ్మలు మాత్రం అచ్చ తెలుగువి. పంచె కట్టు, తలపాగా, కొప్పు, బుట్ట... అన్నీ కృష్ణా తీరపు పల్లెల నుంచి తీసుకున్నవే.

వలస వచ్చినవాళ్లను ఇక్కడే ఆపేసింది ఒక చెట్టు. దాని పేరు తెల్లపొణికి. చుట్టుపక్కల అడవుల్లో పెరుగుతుంది. దాని కర్ర దూదిలా తేలిక, వెన్నలా మెత్తన. ఉలికి చక్కగా లొంగుతుంది. అటు నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్లకూ పొణికే ఆధారం.

ఒక బొమ్మ... ఇల్లంతా పని
కొండపల్లి బొమ్మను ఒకే దుంగలో చెక్కుతారనుకుంటే పొరపాటే. ముందు కర్రను బాగా ఎండబెట్టి, సన్నని సెగ మీద కాచి, లోపలి తేమను పూర్తిగా పోగొడతారు. లేకపోతే బొమ్మ తర్వాత బీటలిస్తుంది. ఆ తర్వాత ఒంటిని ఒక ముక్కలో, చేతుల్ని, కాళ్లను, కొమ్ముల్ని వేరే ముక్కల్లో చెక్కి అతికిస్తారు. అతికేది బజారులో కొన్న జిగురుతో కాదు, మక్కుతో. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. ఎద్దు మూపురం, ఏనుగు నుదురు, మనిషి ముక్కు తీర్చిదిద్దేది కూడా దీంతోనే.

అతుకు ఆరాక ఆకురాయితో నునుపు చేసి, తెల్ల పూత పూసి ఆరబెడతారు. చివరగా రంగులు. మేక వెంట్రుకలతో చేసిన సన్నటి కుంచెలతో కళ్లు దిద్దే వేళకు బొమ్మకు ప్రాణం వచ్చినట్టే. పూర్వం ఆకులు, గింజలు, బెరళ్ల నుంచి తీసిన రంగులు వాడేవారు. తర్వాత ఎనామిల్ రంగులొచ్చాయి. పిల్లలు బొమ్మల్ని నోట్లో పెట్టుకుంటారన్న జాగ్రత్త పెరిగాక మళ్లీ సహజ రంగులకు గిరాకీ వచ్చింది.

ఈ పనంతా ఒక్కరిది కాదు. చెక్కడం ఎక్కువగా మగవాళ్ల పనైతే, రంగులు అద్దడంలో ఆడవాళ్లది అందెవేసిన చేయి. బడి నుంచి వచ్చిన పిల్లలు పూతలు ఆరబెట్టడంలో సాయం చేస్తూనే పని నేర్చుకునేవారు. ఇల్లే కార్ఖానా, వంటగది పక్కనే రంగుల గిన్నెలు. శిక్షణ తరగతులు వచ్చాక ఇతర కులాలవాళ్లూ ఈ పనిలోకి వచ్చారు.

పండగొస్తే పని
కొండపల్లి క్యాలెండర్లో రెండు సీజన్లు... దసరా, సంక్రాంతి. బొమ్మల కొలువులు పెట్టే ఇళ్ల నుంచి గిరాకీ వచ్చేది అప్పుడే. దశావతారాలు, గీతోపదేశం, పెళ్లి పల్లకి కొలువులో పై మెట్ల మీద చేరితే, కింది మెట్టు మీద 'పల్లెటూరి సెట్టు' కొలువుదీరుతుంది. కుమ్మరి, కమ్మరి, సాలె, రైతు, చాకలి... ఎవరి పనిలో వాళ్లుంటారు. ట్రాక్టరొచ్చి ఎడ్లబండిని, మిక్సీ వచ్చి రోకలిని ఇంటి నుంచి పంపించేశాయి. రోకలి అంటే ఏంటని మనవడు అడిగితే అమ్మమ్మ చూపించడానికి మిగిలింది ఈ కొయ్యబొమ్మే!

కొయ్య కరవు
ఇంత పేరున్న ఊరికి కష్టమేంటి అంటే... మొదటిది చెట్టే. నరికినంత వేగంగా పొణికి పెరగదు. పక్కనే ఉన్న కొండ మీద దొరికిన కర్ర కోసం ఇప్పుడు దూరం వెళ్లాల్సి వస్తోంది. ధరా పెరిగింది. పైగా కొండపల్లి అటవీ ప్రాంతంలో గ్రావెల్ తవ్వకాల వివాదాలు. పొణికి మొక్కలు నాటే ప్రయత్నాలు పలుమార్లు జరిగాయి కానీ, మొక్క నాటినంత మాత్రాన మరుసటి దసరాకు బొమ్మ రాదుగా. నాటిన చేతికీ చెక్కే చేతికీ మధ్య ఏళ్ల దూరం ఉంటుంది.

రెండోది, చేతుల కరవు. రోజంతా వంగి కూర్చుని చేసిన పనికి వచ్చే కూలి ఇల్లు గడవడానికే చాలదు. ఇబ్రహీంపట్నంలో 1979లో మొదలైన థర్మల్ విద్యుత్ కేంద్రం, చుట్టుపక్కల పుట్టుకొచ్చిన పరిశ్రమలు, మైలవరంలో, బెజవాడలో ఇంజినీరింగ్ కాలేజీలు... పిల్లలకు వేరే దారులు తెరిచాయి. బాగా చదువుకుని వెళ్లిన కొడుకును చూసి సంతోషించాలో, ఉలి పట్టేవాడు లేడని బాధపడాలో తెలియని పరిస్థితి చాలా ఇళ్లలో ఉంది.

మూడోది, మార్కెట్. ప్లాస్టిక్ బొమ్మల ధాటికి కొయ్యబొమ్మ అలంకరణ వస్తువుగా మిగిలింది. 2020లో కరోనా వచ్చి ఎగ్జిబిషన్లు ఆగిపోయినప్పుడు చేసిన సరుకు ఇళ్లలోనే ఉండిపోయింది.

అలాగని అన్నీ చీకట్లే కాదు. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. వేరేచోట చేసిన బొమ్మను ఈ పేరుతో అమ్మకూడదు. 2020 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి పెంచింది. 2021 జనవరి నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసినా, జీఐ గుర్తింపు ఉన్నవాటికి, రిజిస్టరైన హస్త కళాకారులు చేసేవాటికి మినహాయింపు ఇచ్చింది. లేదంటే ఇంటి అరుగు మీద పనిచేసేవాళ్లు లేబొరేటరీ పరీక్షల ఖర్చు ఎక్కడ భరిస్తారు? లేపాక్షి దుకాణాలకు తోడు ఆన్‌లైన్ అమ్మకాలూ వచ్చాయి. గోడ గడియారాలు, పెన్ను స్టాండ్లు, తాళాల గుత్తులకు కట్టే చిట్టి ఏనుగులు అంటూ కొత్త కొత్త రకాలు చేస్తున్నారు.

ఊరు కూడా మారింది. నిన్నటిదాకా పంచాయతీగా ఉన్న కొండపల్లి మున్సిపాలిటీ అయింది. 2021 నవంబరులో తొలి ఎన్నికలూ జరిగాయి. 2022లో జిల్లాల విభజనతో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. పల్లె పట్నమైపోతున్నా, చెక్కుతున్న బొమ్మల్లో మాత్రం పల్లె పల్లెలాగే ఉంది.

అది అలాగే ఉండాలంటే మూడు కావాలి... కొండ మీద చెట్టు, అరుగు మీద చేయి, గుమ్మంలో కొనేవాళ్లు. మొదటిది ప్రభుత్వం చూడాలి. రెండోది మూడోదాన్ని బట్టే ఉంటుంది. వచ్చే దసరాకు కొలువు పెట్టేటప్పుడు కింది మెట్టు మీద ఓ ఎడ్లబండికి చోటిచ్చామంటే... కొండపల్లిలో ఓ ఇంటికి పని దొరికినట్టే!