చీమకు చినుకు, ఏనుగుకు కందకం

తాటిచెట్టు మీది నుంచి జారిపడిన ఉడుత సాధారణంగా ఒళ్ళు దులుపుకొని పరుగెత్తిపోతుంది. అంత ఎత్తు నుంచి పడితే మనిషి ప్రాణానికే ముప్పు. భూమి ఆకర్షణ ఇద్దరికీ ఒక్కటే గదా! మరి ఈ తేడా ఎందుకు?

ఒక సెంటీమీటరు భుజం గల ఘనానికి ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 1 ఘన సెంటీమీటరు. భుజాన్ని 10 సెంటీమీటర్లకు పెంచితే ఉపరితలం 600 అవుతుంది. అంటే 100 రెట్లు. ఘనపరిమాణం మాత్రం 1000 రెట్లు పెరుగుతుంది. బరువు ఘనపరిమాణాన్ని అనుసరించి పెరుగుతుంది. గాలి కలిగించే అడ్డు ఉపరితలాన్ని అనుసరిస్తుంది. కనుక శరీరం చిన్నదైనకొద్దీ, బరువుతో పోలిస్తే గాలి అడ్డు ఎక్కువ. పైగా ఉడుత కాళ్ళు చాచి, తోకను పరుచుకొంటుంది. దాని వేగం ఒక హద్దును దాటదు.

చీమకు పడడమంటే భయమే లేదు. దాని ఆపద నీటిబొట్టులో ఉంది. నీటి పైభాగం సాగదీసిన పొరలా బిగిసి ఉంటుంది. దీనిని తలతన్యత అంటారు. మన చేతిమీద పడిన చినుకు జారిపోతుంది; చీమ అందులో చిక్కితే పెనుగులాడవలసిందే. చెరువుల్లో పొడవు కాళ్ళ పురుగులు ఆ పొరనే నేలగా చేసుకొని పరుగులు తీస్తాయి.

ఏనుగు సంగతి వేరు. ఎముక బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. శరీరం పెరిగినప్పుడు బరువు ఆ బలాన్ని మించిపోతుంది. అందుకే పెద్ద జంతువుకు ఎముకలు మరింత లావుగా ఉండాలని గెలీలియో 1638లోనే వివరించాడు. స్తంభాల వంటి కాళ్ళున్నా ఏనుగు ఎగిరి దూకలేదు. కర్ణాటక, తమిళనాడు అడవుల అంచున పొలాల రక్షణకు కందకాలు తవ్వేది ఇందుకే. మన్ను తోసి కందకాన్ని పూడ్చి దాటే ఏనుగులున్నాయి. దూకి దాటేది మాత్రం లేదు.

జంతువుల పరిమాణం గురించి 1926లో ప్రసిద్ధ వ్యాసం రాసిన జె.బి.ఎస్. హాల్డేన్ ఇంగ్లండు నుంచి 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డారు. 1964లో భువనేశ్వర్‌లో మరణించారు. తన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని ముందే రాసి ఉంచారు.

శరీరంలోని వేడి కూడా ఉపరితలం నుంచే బయటికి పోతుంది. సుమారు రెండు గ్రాముల బరువుండే అతి చిన్న చుంచెలుక వేడిని త్వరగా కోల్పోతుంది. అందువల్ల రోజూ తన బరువును మించిన ఆహారం తినాలి, లేకపోతే చస్తుంది. ఏనుగుది దీనికి తలక్రిందుల బాధ. పుట్టిన వేడి తేలికగా బయటికి పోదు. అందుకే చేటల వంటి చెవులను విసురుతూ, వాటిలోని రక్తనాళాల ద్వారా వేడిని గాలికి వదులుతుంది.