డిక్కీలో గ్యాసు లెక్క

పాత పెట్రోలు ఎస్టేట్ కారును ఎల్పీజీకి మారిస్తే జేబుకు ఊరటే. అయితే ఎక్కువ తిరిగే బండికే ఆ ఊరట. పైగా డిక్కీలోకి ఎక్కేది ఏ ట్యాంకన్నది అంతకంటే ముఖ్యం

రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి పాత 43వ నంబరు జాతీయ రహదారి మీదుగా దాదాపు 550 కిలోమీటర్లు. ధమ్‌తరి, కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్. ఆ తర్వాత జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు. రైల్వే ఉద్యోగాలకో, వ్యాపారానికో, పక్కనున్న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనికో వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది సొంతూరి దారి. పెళ్లికో పండక్కో ఇంటిల్లిపాదీ బయల్దేరితే ఎస్టేట్ కారంత అనువైన బండి ఉండదు. వెనక సీటు మడిస్తే బియ్యం బస్తా, బిందెలు, పరుపు చుట్ట అన్నీ పట్టేస్తాయి. చిక్కల్లా పెట్రోలు బంకు దగ్గరే.

మారుతి బెలెనో ఆల్టురా, ఓపెల్ కోర్సా స్వింగ్, ఫియట్ సియెనా వీకెండ్, 2004లో వచ్చిన టాటా ఇండిగో మరీనా. 2000 దశకంలో భారతీయ మార్కెట్లో కనిపించిన పెట్రోలు ఎస్టేట్లలో ఇవి కొన్ని. కొత్తలోనే వీటికి గిరాకీ అంతంతమాత్రం. ఇప్పుడు అమ్మబోతే దక్కేది ఇంకా తక్కువ. ఇంజను మాత్రం ఇంకా గట్టిగా ఉంటుంది. అందుకే యజమాని ఆలోచన గ్యాసు కిట్ వైపు మళ్లుతుంది. సీఎన్జీ పెట్టిస్తే సుమారు 200 బార్ల ఒత్తిడిని తట్టుకునే బరువైన సిలిండరు డిక్కీని సగం మింగేస్తుంది. ఎల్పీజీ అయితే పది బార్ల అటూ ఇటూ ఒత్తిడికే ద్రవంగా ఉంటుంది. గారె ఆకారపు ట్యాంకు స్టెప్నీ గుంటలోనే ఇమిడిపోతుంది. స్టెప్నీకి మాత్రం వేరే చోటు వెతుక్కోవాలి.

ఒకప్పుడు ఇదంతా చాటుమాటు వ్యవహారం. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 2001లో వాహనాల్లో ఎల్పీజీ వాడకంపై ప్రత్యేక ఉత్తర్వు తెచ్చాకే దీనికి చట్టబద్ధత వచ్చింది. ఆ తర్వాత కంపెనీలే ముందుకొచ్చాయి. 2006లో మారుతి వ్యాగన్ఆర్ డ్యుయోను విడుదల చేసింది. హైదరాబాద్, బెంగళూరు ఆటోలు పెద్ద సంఖ్యలో ఎల్పీజీకి మారాయి. టర్కీ, పోలండ్, దక్షిణ కొరియా, ఇటలీలలో కారుకు ఎల్పీజీ అంటే ఎవరికీ వింత కాదు.

కిట్ పనితీరు తేలికగానే అర్థమవుతుంది. ట్యాంకు నుంచి ద్రవం రూపంలో వచ్చే గ్యాసు ఇంజను దగ్గరి వేపరైజర్‌లోకి చేరుతుంది. ఇంజను కూలెంట్ వేడికి అక్కడ ఆవిరై, గాలితో కలిసి సిలిండర్లలోకి వెళుతుంది. చల్లటి ఇంజనులో ఆ వేడి ఉండదు. కాబట్టి పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక గ్యాసుకు మారాలి. కార్బురేటర్ బండికి మిక్సర్ చాలు. ఇంజెక్షన్ బండిలో గ్యాసుతో నడిచేటప్పుడు పెట్రోలు ఇంజెక్టర్లను ఆపే ఎలక్ట్రానిక్ పరికరం కూడా కావాలి.

డిక్కీకి అడ్డుగోడ లేదు

సెడాన్‌లో డిక్కీకి, ప్రయాణికులకు మధ్య ఎంతో కొంత అడ్డు ఉంటుంది. ఎస్టేట్‌లో అదేమీ లేదు. ట్యాంకు దగ్గర లీకయిన గ్యాసు నేరుగా సీట్ల కిందికి చేరుతుంది. ఎల్పీజీ గాలికంటే బరువైనది కాబట్టి పైకి పోకుండా కింద పేరుకుంటుంది. కొద్దిపాటి ద్రవం ఆవిరైనా దాదాపు 250 రెట్లు వ్యాపిస్తుంది. అందుకే వాల్వు చుట్టూ గాలి చొరబడని పెట్టె, అందులోంచి కారు అడుగుకు పోయే గొట్టం తప్పనిసరి. ఎస్టేట్ కారులో ఇది ప్రాణాధారం. సామాను ఎక్కువైతే పిల్లలు కూర్చునేది ఆ వెనక భాగంలోనే.

వాహనాల కోసం చేసిన ట్యాంకుకు మరికొన్ని రక్షణలుంటాయి. 80 శాతం నిండగానే వాల్వు దానంతటదే మూసుకుంటుంది. మిగిలిన చోటు ఎండకు ద్రవం వ్యాకోచించడానికి. వేసవిలో 44, 45 డిగ్రీలు చూసే రాయ్‌పూర్‌లో ఆ ఖాళీ విలువ వేరే చెప్పనక్కర్లేదు. గొట్టం తెగితే ప్రవాహాన్ని ఆపేది ఒక వాల్వు, ఒత్తిడి హద్దు మీరితే వదిలేది మరొకటి.

వంటగది ఎర్ర సిలిండరులో ఈ ఏర్పాట్లన్నీ ఉండవు. అయినా దేశంలోని చాలా పట్టణాల్లో మారుతి వ్యాన్లు, కొన్నిచోట్ల బడి పిల్లలను తీసుకెళ్లేవి కూడా, 14.2 కిలోల ఇంటి సిలిండరుతో నడిచిన చరిత్ర ఉంది. కారణం సబ్సిడీ. 2012 సెప్టెంబరులో కేంద్రం ఇంటికి ఏడాదికి ఆరు రాయితీ సిలిండర్లేనని పరిమితి పెట్టి, తర్వాత దాన్ని తొమ్మిదికి, 2014లో పన్నెండుకు పెంచింది. ఇంటి గ్యాసును బండికి వాడటం నేరం. ఇంటి సిలిండరు నుంచి చేతి పంపుతో కారు ట్యాంకులోకి ఎక్కించడం మరీ ప్రమాదం. ఆ పనిలో చిన్న నిప్పురవ్వ చాలు.

ఆదా ఎంత?

లీటరుకు లీటరు చూస్తే ఎల్పీజీలో శక్తి పెట్రోలు కంటే దాదాపు ఐదో వంతు తక్కువ. పెట్రోలుతో 12 కిలోమీటర్లిచ్చే బండి గ్యాసుతో 9.6 ఇస్తుందనుకుందాం. పెట్రోలు 100 రూపాయలు, గ్యాసు 60 రూపాయలు అయితే కిలోమీటరు ఖర్చు రూ.8.33 నుంచి రూ.6.25కు దిగుతుంది. ఆదా రెండు రూపాయల పైచిలుకు. కిట్‌కు 30 వేలయితే ఆ సొమ్ము తిరిగి రావడానికి 14,400 కిలోమీటర్లు తిరగాలి. అదే గ్యాసు 70కి చేరితే ఆదా సగమై, తిరగాల్సిన దూరం 28,800 కిలోమీటర్లవుతుంది. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే వ్యాపారికి మొదటి లెక్కలో పది నెలలు చాలు. నెలకు 500 తిరిగే ఉద్యోగికి రెండేళ్లు దాటుతుంది. ఆటో ఎల్పీజీ ధర అంతర్జాతీయ మార్కెట్‌ను బట్టి నెలనెలా మారుతుంది కాబట్టి లెక్క ఏ నెలకానెల చూసుకోవాల్సిందే.

పాత ఇంజను సంగతి కూడా చూసుకోవాలి. దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో పూర్తిగా ఆగిపోయింది. అంతకుముందటి ఇంజన్లలో కొన్ని సీసం ఉంటుందన్న ధీమాతో తయారైనవే. పొడిగా మండే గ్యాసుకు వాటి వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి. ట్యాపెట్ల సందును అప్పుడప్పుడు సరిచూడాలి. అరిగిన ప్లగ్గులు, పగుళ్లిచ్చిన ప్లగ్గు వైర్లు పెట్రోలుతో ఎలాగో నెట్టుకొస్తాయి. గ్యాసుతో మాత్రం బ్యాక్‌ఫైర్ కొడతాయి. కాబట్టి ముందు ఇంజను బాగుచేయించి, తర్వాతే కిట్ పెట్టించాలి.

చివరిది కాగితాల పని. పుణెలోని ఏఆర్ఏఐ వంటి గుర్తింపు పొందిన సంస్థ ఆమోదించిన కిట్టే వాడాలి. ఆ ఆమోదం కారు ఇంజను సామర్థ్యానికి వర్తించాలి. మార్పు జరిగాక ఆర్టీవో కార్యాలయంలో సీ బుక్‌లో ఇంధనం నమోదు చేయించాలి. బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ట్యాంకును ఐదేళ్లకోసారి పరీక్షించాలి. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకు ఆరు నెలల జైలు, లేదా ఐదు వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఎలాగూ తప్పదు. ఆ ఫీజు 2022లో పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో మళ్లీ పెరిగింది. కొన్నేళ్లయినా ఉంచుకోని బండికి కిట్ దండగ.

ఇన్నీ చూసుకుని పెట్టించినా, విజయనగరం బయల్దేరేటప్పుడు పెట్రోలు ట్యాంకు నింపుకోవాల్సిందే. ఘాట్ల మధ్య గ్యాసు బంకు దొరుకుతుందన్న నమ్మకంతో ప్రయాణం పెట్టుకోలేం. ఊళ్లో గ్యాసు, దూరాభారానికి పెట్రోలు అనుకుంటే పాత ఎస్టేట్ మరికొన్నేళ్లు సొంతూరి దారి పడుతుంది. బయల్దేరే ముందు వెనక తలుపు ఎత్తి ఒక్కసారి వాసన చూడటం మరిచిపోకూడదు. వాసన లేని గ్యాసులో మెర్కాప్టాన్ కలిపేది అందుకే.