క్రైస్తవులు, సిక్కులు: ఇద్దరూ మైనారిటీలే, బలం మాత్రం ఒకటి కాదు

ముందు ఒక లెక్క చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో క్రైస్తవులు దాదాపు 2.78 కోట్లు, సిక్కులు 2.08 కోట్లు. క్రైస్తవులే ఎక్కువ. అయినా ఢిల్లీలో సిక్కుల మాటకి ఉన్న బరువు క్రైస్తవుల మాటకి ఉండదు. ఎందుకంటారు?

ఒక కారణం ఈజీగానే అర్థమవుతుంది. ప్రతి నలుగురు సిక్కుల్లో ముగ్గురు పంజాబ్‌లోనే ఉన్నారు. అక్కడ మెజారిటీ వాళ్లదే, లోక్‌సభకి 13 సీట్లు. 1920 నుంచి అకాలీదళ్ ఉంది. గురుద్వారాలు చూసుకునే ఎస్‌జీపీసీకి కూడా ఎన్నికలు జరుగుతాయి, అంటే లీడర్లు అక్కడే తయారవుతారు. క్రైస్తవులు దేశమంతా చెదిరి ఉన్నారు. నాగాలాండ్, మిజోరం, మేఘాలయల్లో వాళ్లదే మెజారిటీ, కానీ మూడు రాష్ట్రాలకీ కలిపి 4 సీట్లే.

రెండో కారణం చట్టంలో ఉంది. దీని గురించి మనవాళ్లు పెద్దగా మాట్లాడరు.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ఏం చెప్పిందంటే, హిందువు కానివాళ్లు ఎస్సీ కారు. సిక్కుల్లో నాలుగు కులాలకి మాత్రం అప్పుడే మినహాయింపు ఇచ్చారు. 1956లో దళిత సిక్కులందరినీ, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు ఇప్పటికీ బయటే. (ఎస్టీలకి మతంతో పని లేదు, గమనించండి.)

క్రైస్తవంలో కులం లేదు కదా, ఎస్సీ హోదా ఎందుకు అని అడుగుతారు. సిక్కు మతం కూడా కులం లేదనే చెబుతుంది కదండీ! కాగితం మీద మతం మారినంత మాత్రాన ఊళ్లో వాడ మారదు. తమిళనాడులో అయితే క్రైస్తవుల సమాధుల దగ్గర కూడా కులం గోడలున్నాయి.

ఫలితం ఏంటి? దళిత సిక్కు అయిన చరణ్‌జిత్ సింగ్ చన్నీ రిజర్వుడు సీటులో గెలిచి, 2021లో పంజాబ్ ముఖ్యమంత్రి అయ్యారు. దళిత క్రైస్తవుడికి ఆ సీటులో నామినేషన్ వేసే అవకాశమే లేదు. మన తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు బీసీ-సీ, రిజర్వేషన్ 1 శాతం. అందుకే ఆదివారం చర్చికి వెళ్లే ఎన్నో కుటుంబాలు సర్టిఫికెట్‌లో హిందువులుగానే ఉంటాయి. మరి జనాభా లెక్కల్లో క్రైస్తవుల సంఖ్య ఎంత నిజం?

ఇది సీట్ల గొడవ ఒక్కటే కాదు. మతం మారిన వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో చెప్పింది. అంటే కులం పేరుతో తిట్టినా, ఆ చట్టం కింద కేసు నిలవదు.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఈ మతం షరతు తీసేయమంది. 2023 మార్చిలో ఏపీ అసెంబ్లీ కూడా దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. కానీ అసెంబ్లీ తీర్మానంతో జాబితా మారదు. 1956లో, 1990లో లాగే పార్లమెంటే సవరించాలి.