మన ఇంటి రౌటర్ ఎంత భద్రం?

కలకత్తా నగరానికి తీగలతో, తరంగాలతో పాత చుట్టరికం ఉంది. 1882లోనే ఇక్కడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి పని మొదలుపెట్టింది. మన దేశంలో తొలి మొబైల్ ఫోన్ సంభాషణ 1995 జూలై 31న ఈ నగరం నుంచే జరిగింది. ఆనాటి ముఖ్యమంత్రి జ్యోతి బసు రైటర్స్ బిల్డింగ్ నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మరో రెండు వారాలకు, ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించిన నగరాల్లో కలకత్తా ఒకటి. 2012 ఏప్రిల్‌లో దేశంలో 4జీ మొదట అడుగుపెట్టింది కూడా ఇక్కడే.

ఇప్పుడు ఇంటర్నెట్ లేని ఇల్లు అరుదు. ముఖ్యంగా మనలాంటి బదిలీ ఉద్యోగుల ఇళ్లలో గ్యాసు, పాలు, పిల్లల అడ్మిషన్‌తో పాటు వైఫై కూడా కొత్త ఊళ్లో మొదటి వారం పనుల్లో చేరిపోయింది. నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ జరిగింది ఒక్కటే. కనెక్షన్ ఇచ్చే అబ్బాయి వస్తాడు, గోడకు ఒక పెట్టె బిగిస్తాడు, కాగితం ముక్క మీద పాస్‌వర్డ్ రాసిచ్చి వెళ్లిపోతాడు. ఆ తర్వాత లైటు ఎర్రగా మారినప్పుడు తప్ప ఆ పెట్టె వంక ఎవరూ చూడరు. ఇంటి తలుపుకు తాళం కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరిగే మనం, బ్యాంకు లావాదేవీలు, పిల్లల చదువు, కుటుంబం ఫొటోలు అన్నీ దాటివెళ్లే ఈ గుమ్మం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగం. విద్యార్థులారా, ఈ వ్యాసం ఆ ప్రశ్నల కోసమే. మీ అమ్మానాన్నలతో కలిసి చదవండి.

రౌటర్ చేసే పని

ఇంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్, టీవీ అన్నిటికీ లోపలి చిరునామాలు ఉంటాయి. అవి చాలా ఇళ్లలో 192.168 అనే అంకెలతో మొదలవుతాయి. బయటి ప్రపంచానికి మాత్రం ఇంటి మొత్తానికి సాధారణంగా ఒకే చిరునామా కనిపిస్తుంది. ఎవరు ఏది అడిగారో గుర్తుపెట్టుకుని, వచ్చిన జవాబును సరిగ్గా వారికే అందించేది రౌటర్. అడగకుండా బయటి నుంచి వచ్చినవారిని గుమ్మం దగ్గరే ఆపేది కూడా అదే. ఈ కాపలా పనినే ఫైర్‌వాల్ అంటారు.

రౌటర్‌కు ఇంకో పని ఉంది. మనం బ్యాంకు వెబ్‌సైటు పేరు టైపు చేస్తే, ఆ పేరుకు అసలు చిరునామా ఏమిటో వెతికించి తెస్తుంది. దీన్ని డీఎన్‌ఎస్ అంటారు. దుండగుడు రౌటర్‌లోకి దూరి ఈ అమరికను మార్చాడనుకోండి. మీరు పేరు సరిగ్గానే టైపు చేస్తారు, కానీ తెరుచుకునేది నకిలీ పేజీ. అలాంటప్పుడు బ్రౌజర్ చాలాసార్లు ఎర్రటి హెచ్చరిక చూపిస్తుంది. దాన్ని లెక్కచేయకుండా ముందుకు నొక్కేయడం వల్లే ప్రమాదం. ఫోనుకు ఎంత మంచి తాళం వేసినా, గుమ్మం కాపలావాడు శత్రువు మనిషైతే కష్టమే.

ప్రపంచం నేర్చుకున్న రెండు పాఠాలు

2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ బయటపడింది. దాని పద్ధతి చాలా సులువు. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రౌటర్ల కోసం ఇంటర్నెట్ అంతా వెతికేది. అరవైకి పైగా ప్రసిద్ధమైన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను ఒక్కొక్కటిగా ప్రయత్నించేది. అలా లొంగిన పరికరాల సైన్యంతో 2016 అక్టోబరు 21న డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద దాడి జరిగింది. అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి కొన్ని గంటలపాటు చాలామందికి అందలేదు. ఆ కెమెరాల యజమానులు ఏ తప్పూ చేయాలనుకోలేదు, పాస్‌వర్డ్ మార్చలేదంతే.

రెండోది 2018 మే నెలలో వెలుగుచూసిన వీపీఎన్‌ఫిల్టర్. పేరులో వీపీఎన్ ఉన్నా అది వీపీఎన్ కాదు, రౌటర్లలోకి చొరబడే ప్రోగ్రామ్. కనీసం 54 దేశాల్లో సుమారు 5 లక్షల పరికరాలకు సోకిందని సిస్కో సంస్థ పరిశోధకులు ప్రకటించారు. రౌటర్లను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయమని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రజలను కోరింది. ఇటువంటి అనుభవాల తర్వాతే దేశాలు చట్టాల వైపు చూశాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, అందరికీ తెలిసిన ఒకే పాస్‌వర్డ్‌తో ఇలాంటి పరికరాలు అమ్మడం చట్టవిరుద్ధం.

వీపీఎన్ అంటే ఏమిటి?

పోస్టుకార్డు మీద రాసిన సంగతి దారిలో ఎవరైనా చదవవచ్చు. కవరులో పెట్టి అంటిస్తే లోపలి సంగతి కనిపించదు, చిరునామా మాత్రం కనిపిస్తుంది. నేడు చాలా వెబ్‌సైట్లు మన సమాచారాన్ని ఈ విధంగా కవరులోనే పంపుతాయి. చిరునామా ముందు ఉండే తాళం గుర్తుకు అర్థం అదే. వీపీఎన్ ఆ కవరును మరో పెద్ద కవరులో పెట్టి, పై కవరు మీద వీపీఎన్ సర్వర్ చిరునామా రాస్తుంది. దారిలో ఉన్నవారికి మనం ఎవరికి రాస్తున్నామో కూడా తెలియదు. సర్వర్ దగ్గర పై కవరు విప్పి, లోపలిదాన్ని అసలు చోటికి పంపుతారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మన ఇంటర్నెట్ కంపెనీకి కనిపించనిది ఇప్పుడు వీపీఎన్ కంపెనీకి కనిపిస్తుంది. అంటే నమ్మకం ఒక చేతి నుంచి మరో చేతికి మారింది, అంతే. డబ్బు తీసుకోకుండా ఊరికే ఇచ్చే వీపీఎన్ యాప్‌లు మన సమాచారాన్నే అమ్ముకుంటే, కంచే చేను మేసినట్లవుతుంది. మోసపు లింకు నొక్కితే వీపీఎన్ కాపాడదు. ఓటీపీ చెప్పేస్తే కాపాడదు. వీపీఎన్ ఉంటే మనల్ని ఎవరూ కనిపెట్టలేరన్న మాట కూడా నిజం కాదు.

మన దేశంలో చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. వీపీఎన్ వాడటమే నేరం కాదు. అయితే సైబర్ భద్రతను చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న కొన్ని ఆదేశాలు ఇచ్చింది. ప్రజలకు వీపీఎన్ సేవలు అమ్మే సంస్థలు తమ ఖాతాదారుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు వంటి వివరాలను కనీసం ఐదేళ్లు భద్రపరచాలన్నది వాటిలో ఒకటి. నేరాల దర్యాప్తుకు ఇది అవసరమన్నది ప్రభుత్వ వాదన. ప్రజల గోప్యతకు ఇది భంగమన్నది విమర్శకుల వాదన. కొన్ని విదేశీ కంపెనీలు భారతదేశంలోని తమ సర్వర్లను తీసేశాయి. సంస్థలు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లకు ఈ నియమం వర్తించదు.

మన ఇళ్లకు నిజంగా పనికొచ్చే వీపీఎన్

రౌటర్ పెట్టె మీద వీపీఎన్ అని రాసి ఉంటే అది రెండింటిలో ఏదో అడగాలి. మొదటిది వీపీఎన్ క్లయింట్. ఇంట్లోని పరికరాలన్నిటినీ బయటి వీపీఎన్ కంపెనీకి కలుపుతుంది. రెండోది వీపీఎన్ సర్వర్. మనం బయట ఉన్నప్పుడు మన ఇంటికి మనమే వేసుకునే సొరంగం. దీనికి బయటి కంపెనీకి నెలనెలా డబ్బు కట్టనక్కరలేదు.

మనలాంటివారికి రెండోదే ఎక్కువ ఉపయోగం. ఉద్యోగం కోల్‌కతాలో, పెద్దవాళ్లు విజయనగరంలోనో, వరంగల్‌లోనో. అమ్మమ్మ, తాతయ్య ఇద్దరే ఉంటారని వరండాలో కెమెరా పెట్టిస్తాం. ఇక్కడి నుంచి చూడటానికి వీలుగా ఉంటుందని బిగించినతను రౌటర్‌లో బయటి ప్రపంచానికి ఒక కిటికీ తెరిచి వెళతాడు. దాన్నే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. ఆ కిటికీ మనకే కాదు, దారిన పోయే ప్రతి దొంగకూ కనిపిస్తుంది. మిరాయ్ వెతికింది ఇలాంటి తెరిచిన దారులనే. వృద్ధుల రక్షణ కోసం పెట్టిన కెమెరా, వాళ్లు ఇంట్లో ఎప్పుడు ఉంటారో, ఎప్పుడు ఉండరో పరాయివాడికి చెప్పే సాధనం కాకూడదు. ఆ కిటికీ మూసేసి, ఊళ్లోని రౌటర్‌లో వీపీఎన్ సర్వర్ పెట్టుకుంటే, తాళంచెవి ఉన్నవారే సొరంగం గుండా లోపలికి వెళ్లి కెమెరా చూడగలరు.

దీనికి ఒక అడ్డంకి ఉంది. మన దేశంలో చాలా కంపెనీలు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతాయి. అలాంటి కనెక్షన్‌లో బయటి నుంచి మన ఇంటికి నేరుగా దారి ఉండదు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ అని కనిపించే అంకె 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ ఆ తరహాయే. అప్పుడు విడిగా పబ్లిక్ ఐపీ ఇస్తారా, ఐపీవీ6 ఉందా అని కంపెనీని అడగాలి. రౌటర్ కొన్నాక కాదు, కొనకముందే అడగాలి.

కొనేముందు అడగవలసిన ప్రశ్నలు

చాందినీ చౌక్ దుకాణాల్లో వరుసగా పేర్చిన పెట్టెలను చూస్తే అన్నీ గొప్పగానే కనిపిస్తాయి. ఆరు యాంటెనాలు ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్లు కాదు. పైన పటారం, లోన లొటారం కాకుండా ఇవి చూడండి.

1. అప్‌డేట్లు వస్తాయా? రౌటర్‌ను నడిపే ప్రోగ్రామ్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. అందులో లోపాలు బయటపడుతూనే ఉంటాయి. కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్‌కు చివరి అప్‌డేట్ ఏ తేదీన వచ్చిందో చూడండి. రెండేళ్లుగా ఏమీ రాకపోతే కొనవద్దు. దానంతటదే అప్‌డేట్ అయ్యే సౌకర్యం ఉంటే మరీ మంచిది. అన్ని ప్రశ్నల్లోకీ ఇదే ముఖ్యం.

2. డబ్ల్యూపీఏ3 ఉందా? ఇది 2018లో వచ్చిన వైఫై భద్రతా పద్ధతి. పాత ఫోన్ల కోసం డబ్ల్యూపీఏ2 కూడా కలిసి పనిచేసే అమరిక ఉంటుంది. డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతిని మాత్రం ఎన్నడూ వాడకండి.

3. గెస్ట్ నెట్‌వర్క్ ఉందా? బంధువులు వచ్చినప్పుడు, టీవీకి, కెమెరాకు వేరే గదిలాంటి వైఫై ఇవ్వవచ్చు. ఆ గదిలో దొంగ పడినా, మీ ల్యాప్‌టాప్ ఉన్న గదిలోకి రాలేడు.

4. ఏ వీపీఎన్ పద్ధతులు? వైర్‌గార్డ్ లేదా ఓపెన్‌వీపీఎన్ ఉండాలి. వైర్‌గార్డ్ చిన్నది, వేగమైనది, 2020లో లినక్స్ కెర్నల్‌లోనే చేరింది. పీపీటీపీ ఒక్కటే ఉంటే వదిలేయండి, దాని తాళం ఎప్పుడో విరిగిపోయింది.

5. ప్రాసెసర్ బలం ఎంత? ప్రతి ముక్కనూ రహస్య లిపిలోకి మార్చడం శ్రమతో కూడిన లెక్క. పెట్టె మీద రాసే వేగం వైఫైది, వీపీఎన్‌ది కాదు. చౌక రౌటర్‌లో వీపీఎన్ వేస్తే 100 ఎంబీపీఎస్ కనెక్షన్ కూడా నీరసించవచ్చు. వీపీఎన్ వేగం విడిగా చెప్పే మోడల్ చూసుకోండి.

6. ఇంటి గోడలు ఎలా ఉన్నాయి? ఉత్తర కోల్‌కతా పాత ఇళ్ల మందపాటి గోడలను 5 గిగాహెర్ట్జ్ తరంగాలు తేలికగా దాటలేవు. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త దూరం వెళుతుంది, వేగం తక్కువ. రెండూ ఉన్నది తీసుకుని, ఇంటి మధ్యలో ఎత్తున పెట్టండి.

కంపెనీ ఇచ్చిన పెట్టెను పూర్తిగా తీసేయలేకపోతే, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని అడిగి, దాని వెనుక మీ రౌటర్ పెట్టుకోవచ్చు.

కొత్తది కొనలేకపోతే?

కొనకపోయినా చేయగల పనులు చాలా ఉన్నాయి, ఖర్చు రూపాయి కూడా లేదు. ఒక ఆదివారం సాయంత్రం అరగంట చాలు. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, వేరే. వైఫై పాస్‌వర్డ్‌ను పొడవైన వాక్యంలా పెట్టండి. ఫోన్ నంబరు, ఫ్లాటు నంబరు వద్దు. డబ్ల్యూపీఎస్ ఆపేయండి, దాని ఎనిమిదంకెల పిన్‌ను ఊహించి పట్టుకోవచ్చని 2011లోనే తేలింది. బయటి నుంచి రౌటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి. అప్‌డేట్ ఉంటే వేయండి. కలిసి ఉన్న పరికరాల జాబితా చూసి, తెలియని పేరు ఉంటే ఎవరిదో కనుక్కోండి.

పరికరానికి ఏదైనా సోకిందేమోనని అనుమానం వస్తే, సెర్ట్-ఇన్ 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచిత పరికరాలు అందిస్తోంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే లాభం లేదు.

ఇల్లు అలకగానే పండుగ కాదు, రౌటర్ కొనగానే భద్రత రాదు. మూడు నెలలకోసారి అప్‌డేట్ చూసే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోవాలి. ఆ ఒకరు మీరే ఎందుకు కాకూడదు? సెలవులకు ఊరు వెళ్లినప్పుడు తాతయ్య ఇంటి రౌటర్‌ను కూడా ఒకసారి చూడండి. పాస్‌వర్డ్ మార్చి, దాన్ని ఒక పుస్తకంలో రాసి, ఎక్కడ పెట్టారో అమ్మమ్మకు చెప్పి రండి.