చలికి ఓర్వలేనివారి పడక

లంబసింగికి కొర్రబయలు అని మరియొక పేరు కలదు. అక్కడ రాత్రివేళ ఇంటి బయట పడుకొన్నవాడు తెల్లవారునప్పటికి కొర్రవలె, అనగా కట్టెవలె, బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుకొందురు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలములో, సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల యెత్తున నున్న ఈ చిన్న గ్రామమునకు డిసెంబరు, జనవరి మాసములలో పొగమంచు చూచుటకై జనము తండోపతండములుగా పోవుచున్నారు. పరవాడనుండి అనకాపల్లి, నర్సీపట్నముల మీదుగా పోయినచో ఇంచుమించు వంద కిలోమీటర్లు. ఉదయము సముద్రపుగాలిలో చెమటోడ్చుచు బయలుదేరిన బడిపిల్లలు రాత్రికి పండ్లు కటకటలాడు చోటికి చేరుదురు.

ఈ భేదమును తరగతిగదిలోనే లెక్కవేయవచ్చును. విశాఖ తీరమున జనవరి రాత్రుల కనిష్ఠోష్ణత సగటున 17, 18 డిగ్రీల ప్రాంతమున నుండును. వేయి మీటర్ల యెత్తునకు ఆరున్నర డిగ్రీలు తగ్గునని భూగోళపాఠము. ఆ లెక్కన లంబసింగిలో 11 డిగ్రీలుండవలెను. కాని ఉండదు. మబ్బులేని ఆకాశము క్రింద నేల తన వేడిమిని రాత్రియంతయు పైకి వదలివేయును. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలునుండి జారి పల్లమున నిలిచిపోవును. అందుచేత అయిదారు డిగ్రీలు అక్కడ వింత కాదు. సున్నకు సమీపించిన రాత్రులును లేకపోలేదు.

ఇట్టి రాత్రికి మన పెద్దలు బొంతను, గొంగళిని నమ్ముకొనిరి. అవి మంచివే. కాని నలుబదిమంది పిల్లలకు నలుబది బొంతలు మోయించు ఉపాధ్యాయుడు ఉండడు. కావున ఇప్పుడు అందరి చూపును స్లీపింగ్ బ్యాగుమీదికి, అందును కృత్రిమమైన నార కూరిన తేలిక సంచిమీదికి పోవుచున్నది.

సంచి వేడిని పుట్టించదు. పుట్టించునది శరీరమే. సంచిలోని నార చేయునది ఒక్కటే: గాలిని చిన్న చిన్న అరలలో బంధించి కదలనీయకుండుట. నిలిచిన గాలి వేడిని సులభముగా పోనీయదు. ఈ సంగతి బూరుగుచెట్టునకు ఏనాడో తెలిసినట్లున్నది. బూరుగుదూది పోగు లోపల బోలుగా నుండును. పైని మైనమువంటి పూత యుండుటచే నీటిని అంటనీయదు. అందుకే ఒకప్పుడు ఓడలలో ప్రాణరక్షక కవచములకును, పడుకొను సంచులకును దానినే కూరెడివారు. 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డ్, డిక్సన్ అను ఇరువురు రసాయనజ్ఞులు కనుగొన్న పాలియెస్టరునుండి నేడు తీయు బోలునార ఒకవిధముగా బూరుగుదూదికి తోబుట్టువే.

దీనికి పోటీ బాతుల యొక్కయు, హంసజాతి పక్షుల యొక్కయు మెత్తని నూగు ఈకలు. బరువు విషయమున వానిదే గెలుపు. సున్న డిగ్రీలలో సుఖముగా నిద్రింపదగిన కృత్రిమనార సంచి ఒకటిన్నర కిలో తూగుచో, అంతటి వెచ్చదనమిచ్చు ఈకలసంచి కిలోకు అటునిటుగా తూగును. కాని ఈకలు తడిసినంతనే ముద్దకట్టి, గాలిని వదలివేసి, చల్లని చిందరగుడ్డలగును. పత్తి తన బరువులో నూటికి ఏడెనిమిదివంతుల తేమను గాలినుండియే పీల్చుకొనును. పాలియెస్టరు పీల్చునది నూటికి అరవంతు కూడ కాదు. తడిసినను కొంత వెచ్చదనమును నిలుపుకొని త్వరగా ఆరిపోవును. కొండమీద గుడారపు గుడ్డకు లోపలనుండి మంచుబిందువులు పట్టును. ఇంట ఉంచిన పదునొకండు నెలలు పరవాడ ఉప్పుగాలి తేమ పట్టును. ధర కూడ తక్కువ. ఎవరెస్టునకు ఏమైనను, ఈ తీరమువారికి కృత్రిమనారయే మేలు.

అసలు చిక్కు సంచిమీది అంకెతో వచ్చును. ఐరోపాలో 2002లో ఏర్పడిన ఇ.ఎన్. 13537 ప్రమాణమును, తరువాత 2016లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 23537 ప్రమాణమును అనుసరించి, మనిషి ఆకారపు బొమ్మను వేడిచేసి సంచిలో పరుండబెట్టి వెచ్చదనము కొలుతురు. దానినుండి మూడు అంకెలు వచ్చును. మొదటిది సౌఖ్యము: ఇరువదియైదేండ్ల వయస్సు, 60 కిలోల బరువు గల స్త్రీ చేతులుకాళ్లు చాచుకొని హాయిగా నిద్రించు ఉష్ణత. రెండవది హద్దు: 73 కిలోల పురుషుడు ముడుచుకొని ఎనిమిది గంటలు లేవకుండ నిద్రించు ఉష్ణత. మూడవది తీవ్రము: ఆ స్త్రీయే ఆరు గంటలపాటు చలికి ప్రాణము పోకుండ నిలుపుకొనగల ఉష్ణత. చావకుండుటకును, నిద్రించుటకును మధ్య ఎంత దూరమో వేరుగ చెప్పనక్కరలేదు. అయినను కొన్ని సంచులపైన ఈ మూడవ అంకెయే పెద్ద అక్షరములలో కనబడును. అదిచూచి మురిసి కొన్నవాడు తెల్లవార్లు నెగడు దగ్గర కూర్చుండును. కొన్ని చవుక సంచులకు పరీక్షయే జరుగదు. వానిమీది అంకె అమ్మువాని ఊహ.

ఆ కొలతలలో ముప్పదియైదు కిలోల బడిపిల్ల లేదు. బక్కపలుచనివారికి, ఆకలిగొన్నవారికి, నడచి అలసినవారికి చలి హెచ్చు. శరీరము గుండెను, మెదడును కాపాడుకొనుటకై చేతులకు, పాదములకు రక్తమును తగ్గించును. అందుచే ముందు చల్లబడునవి వ్రేళ్లే. ఇది పిరికితనము కాదు, ఎండదేశపు శాపమును కాదు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరమునెక్కిన మాలావత్ పూర్ణ, ఆనందకుమార్ నిజామాబాదు, ఖమ్మము జిల్లాల ఎండలలో పెరిగి, సాంఘిక సంక్షేమ గురుకులములలో చదివినవారే. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు.

చలికి ఓర్వలేనివారు సౌఖ్యపు అంకెను మాత్రమే చదువవలెను. చదివి, రాబోవు రాత్రి ఉష్ణతకంటె మరి అయిదు డిగ్రీలు తక్కువకు సరిపోవుదానిని కొనవలెను. లంబసింగికైనచో సున్న డిగ్రీల సౌఖ్యము చాలును. ఏటికి రెండు రాత్రులకై హిమాలయపు సంచి కొని, దాని బరువు మోయుట వట్టి డాబు. అంతగా భయమైనచో సంచిపైన ఒక తేలిక దుప్పటి కప్పుకొనవచ్చును. తలముసుగు, మెడచుట్టు బిగించు పట్టె, జిప్పు వెనుక గాలి దూరకుండు అడ్డుపట్టె ఉన్నవో లేవో చేతితో తడిమి చూడవలెను. పొడుగు కూడ చూడవలెను. పెద్దల సంచిలో పిల్లవానిని పరుండబెట్టినచో, పాదముల క్రింది ఖాళీని వేడిచేయుటకే వాని ఓపిక చెల్లును. ఆ భాగమును మడచి క్రిందికి త్రోయుట, లేదా పొడిబట్టలతో నింపుట మంచిది.

ఎంత మంచి సంచియైనను వీపు క్రింద నలిగిపోవును. నలిగిన నారలో గాలి నిలువదు. ప్రమాణపు బొమ్మ క్రిందను చాప యున్నది, దాని ఒంటిమీద లోవస్త్రములును మేజోళ్లును ఉన్నవి. కావున చాప లేనివానికి ఆ అంకె వర్తింపదు. ఫోము చాప లేనిచోట జానెడు మందమున పొడి వరిగడ్డి పరచినను పని జరుగును. పడుకొనుటకు ముందు పొడి మేజోళ్లు, ఉన్నిటోపీ, వేరుసెనగపప్పుతో కొంచెము బెల్లము. బయటికి పోయి రావలసినవారు ముందే పోయి రావలెను. అర్ధరాత్రి సంచి విప్పిన పిల్లవానికి మరల వెచ్చబడుటకు చాలసేపు పట్టును.

కొండ దిగి పరవాడ చేరిన తరువాత సంచిని విప్పి నీడగాలికి ఆరవేయవలెను. చిన్న సంచిలో కుక్కి ఏడాదిపాటు అటుకమీద పడవేసినచో నార అణగి మరల పొంగదు. పాత దిండుగలేబులో వదులుగా వేసి చిలుకకొయ్యకు తగిలించిన చాలును.