ల్యాప్‌టాప్ తాపం – నివారణోపాయాలు

శ్రమించే ప్రతి వస్తువూ వేడెక్కుతుంది. పరుగెత్తిన మనిషికి ఒళ్ళు వెచ్చబడి చెమట పోస్తుంది. దూరం సాగిన బండి ఇరుసు ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ల్యాప్‌టాప్ కూడా ఈ నియమానికి అతీతం కాదు. పాఠం వింటూ ఉండగా అది వేడెక్కడం, లోపలి పంకా హోరున తిరగడం, తెరమీది బొమ్మ ఆగి ఆగి కదలడం నేటి విద్యార్థులలో చాలామందికి అనుభవమే. అనేక కుటుంబాలు నెలనెలా కూడబెట్టి కొనే సాధనమిది. అది పాడైపోయిందని తొందరపడి నిర్ణయించేముందు, ఆ వేడికి మూలమేమిటో తెలుసుకోవడం అవసరం.

ల్యాప్‌టాప్‌కు మెదడు వంటిది ప్రాసెసర్. అందులోని చిన్న సిలికాన్ పలకపై వందల కోట్ల ట్రాన్సిస్టర్లు అమరి ఉంటాయి. వాటి గుండా నిరంతరం విద్యుత్తు ప్రసరిస్తుంది. వాహకంలో విద్యుత్తు ప్రవహించినప్పుడు ఎంత ఉష్ణం జనిస్తుందో 1840వ దశకంలో ఆంగ్ల శాస్త్రవేత్త జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ ప్రయోగపూర్వకంగా లెక్కకట్టి చూపాడు. ప్రాసెసర్ వినియోగించుకున్న విద్యుచ్ఛక్తి దాదాపు అంతా చివరకు ఉష్ణంగానే మారుతుంది. 45 వాట్ల విద్యుత్తు తీసుకునే ప్రాసెసర్, వేడి విషయంలో 45 వాట్ల పొయ్యితో సమానం.

ఈ ఉష్ణాన్ని బయటికి పంపడానికి చక్కని ఏర్పాటు ఉంది. ప్రాసెసర్‌కూ, దానిపై ఉండే లోహపు పలకకూ నడుమ ఉష్ణవాహక లేపనం పూస్తారు. రెండు తలాల మధ్య మిగిలే సూక్ష్మమైన ఖాళీలలో గాలి నిలిస్తే వేడి సాగదు. ఎందుకంటే గాలి అధమ ఉష్ణవాహకం. ఆ పలకను అంటి ఒక రాగి ఉష్ణనాళం ఉంటుంది. గాలిని తొలగించిన ఆ నాళంలో కొద్దిపాటి నీరు ఉంటుంది. వేడి తగిలిన కొస వద్ద నీరు ఆవిరై, చల్లని కొసకు చేరి, అక్కడ ఉష్ణాన్ని విడిచి మళ్ళీ నీరవుతుంది. లోపలి గోడల సన్నని రంధ్రాల వెంట కేశనాళికీయత వల్ల వెనుకకు వస్తుంది. మట్టికూజాలో నీటిని చల్లబరచే బాష్పీభవన గుప్తోష్ణమే ఇక్కడా పనిచేస్తుంది. నాళం చివర పలుచని లోహపు రేకుల వరుస ఉంటుంది. పంకా వాటి మధ్యగా గాలిని తోసి వేడిని బయటికి నెడుతుంది.

ఈ దారిలో ఎక్కడ ఆటంకం కలిగినా తాపం పెరుగుతుంది. సామాన్యంగా కనిపించే ఆటంకాలు మూడు. మొదటిది ధూళి, అది రేకుల నడుమ చేరి గాలిని అడ్డగిస్తుంది. రెండవది పరుపు. చాలా ల్యాప్‌టాప్‌లు అడుగు భాగం నుండి గాలిని పీల్చుకుంటాయి. దుప్పటిపై ఉంచితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. మూడవది వేసవి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు, గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు అయినప్పుడు వాటి భేదం 75. గది 43 డిగ్రీలకు చేరితే ఆ భేదం 57కు తగ్గుతుంది. వేడిని బయటికి నడిపించేది ఈ భేదమే కనుక, అదే పంకా అదే వేగంతో తిరిగినా దాదాపు నాలుగవ వంతు ఉష్ణం తక్కువగా తొలగుతుంది.

అందువల్ల పంకా వేగం పెంచుకుంటుంది. వేగం రెట్టింపయితే ధ్వని స్థాయి సుమారు 15 డెసిబెల్‌లు పెరుగుతుంది. అదీ చాలనప్పుడు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. బొమ్మ ఆగి ఆగి కదలడానికి ఇదొక కారణం. తాపం ఇంకా పెరిగితే యంత్రం తనంతట తాను ఆగిపోతుంది. ఇవన్నీ ఆత్మరక్షణ చర్యలు. హోరు వినలేక పంకాను ఆపివేయడం, జ్వరం చూపుతున్నదని ఉష్ణమాపకాన్ని పారవేయడం వంటిది. అయితే హోరు వేరు, గరగర వేరు. గరగరలాడే పంకా అరిగిపోయి ఉండవచ్చు. దానిని మార్పించడం మేలు.

నివారణ సులభమైన దానితో ఆరంభం కావాలి. ముందుగా టాస్క్ మేనేజర్ తెరచి, ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌కు అధిక భారం కలిగిస్తున్నదో చూసి, అనవసరమైన వాటిని మూసివేయాలి. ల్యాప్‌టాప్‌ను గట్టి బల్లపై ఉంచి, వెనుక అంచును కొద్దిగా ఎత్తాలి. తగ్గకపోతే విద్యుత్తు తీసివేసి, యంత్రాన్ని పూర్తిగా ఆపి, రంధ్రాలలోని ధూళిని గాలి ఊది తొలగించాలి. ఆ సమయంలో పంకా రెక్కలు అతివేగంగా తిరగకుండా పట్టి ఉంచాలి. ఎండిపోయిన లేపనాన్ని మార్చే పని మాత్రం నిపుణునికి అప్పగించాలి.

వేడి బ్యాటరీ ఆయుస్సును కూడా హరిస్తుంది. ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ను పరుపుపై వదలి నిద్రపోవడం ప్రమాదకరం. అడుగు భాగమో, టచ్‌ప్యాడో ఉబ్బినట్లు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అనుమానించి, వాడకం, ఛార్జింగ్ వెంటనే ఆపాలి. దానిని గుచ్చరాదు, నొక్కరాదు.

యంత్రానికి మాట లేదు. పంకా హోరే దాని మొర. ఆ మొరను సకాలంలో ఆలకించిన విద్యార్థి కుటుంబ కష్టార్జితాన్నీ, తన చదువునూ కాపాడుకోగలుగుతాడు.