కొత్త కారు విడుదలలో జాప్యం: నానో యూరోపా ఉదాహరణ

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
- కారు ఆవిష్కరణకు, మార్కెట్ విడుదలకు గల తేడాను వివరించగలుగుతారు.
- జాప్యానికి గల కారణాలను వర్గీకరించగలుగుతారు.
- జాప్యం వల్ల కలిగే భారం ఎవరిపై పడుతుందో విశ్లేషించగలుగుతారు.

7.1 పరిచయం

చెప్పిన సమయానికి కారు మార్కెట్లోకి రాకపోతే కంపెనీ విఫలమైందని చాలామంది వెంటనే అనేస్తారు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులుగా మీరు అంత తొందరపడకూడదు. పని ఏ దశలో ఆగింది? ఎందుకు ఆగింది? ఆగినందువల్ల ఎవరు నష్టపోయారు? ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. టాటా మోటార్స్ వారి నానో ఇందుకు మంచి ఉదాహరణ. ఈ చిన్న కుటుంబ కారు మన దేశంలో ఆలస్యంగా వచ్చింది. యూరప్ మార్కెట్‌కు అసలు చేరనే లేదు. ఈ రెండు జాప్యాలూ ఒక రకానివి కావు.

7.2 ఆవిష్కరణ వేరు, విడుదల వేరు

ప్రదర్శనశాలలో కారును చూపడం ఆవిష్కరణ. కొన్నవారి పేరిట దాన్ని రిజిస్టరు చేయించి తాళాలు అందించగలగడం విడుదల. ఈ రెండింటి మధ్య స్థలం, కర్మాగారం, విడిభాగాల సరఫరా, పరీక్షలు, ప్రభుత్వ ఆమోదం అనే దశలు ఉంటాయి. పెద్ద కంపెనీలకు కూడా ఈ దూరం తప్పదు. ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.3 విద్యుత్ కారును 2019 సెప్టెంబరులో ఆవిష్కరించింది. సాఫ్ట్‌వేర్ చిక్కుల మధ్య కొనుగోలుదారులకు అందించడం మొదలయ్యేసరికి 2020 సెప్టెంబరు వచ్చింది.

మన ప్రాంతంలో చూస్తే, పెనుకొండ దగ్గర కియా కర్మాగారానికి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. అక్కడ తయారైన సెల్టోస్ 2019 ఆగస్టులో విడుదలైంది. అంతా సాఫీగా సాగినా రెండేళ్లకు పైగా పట్టిందని గమనించండి.

7.3 భారతదేశంలో జాప్యం: స్థల సమస్య

నానోను 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ఆవిష్కరించారు. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో కర్మాగారం కట్టి, ఆ ఏడాది అక్టోబరు నాటికి కారు తేవాలనుకున్నారు. భూసేకరణపై రైతుల ఆందోళన కారణంగా 2008 అక్టోబరు 3న కంపెనీ సింగూరును వదులుకుంటున్నట్టు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు స్థలం ఇస్తామని ముందుకొచ్చాయి. చివరికి గుజరాత్‌లోని సనంద్ ఎంపికైంది. ఉత్తరాఖండ్‌లోని పంత్‌నగర్‌లో తాత్కాలికంగా ఉత్పత్తి చేస్తూ 2009 మార్చి 23న కారును విడుదల చేశారు. రెండు లక్షలకు పైగా బుకింగులు వచ్చినా, మొదటి లక్ష మందిని లాటరీ తీసి ఎంపిక చేయాల్సి వచ్చింది. సనంద్ కర్మాగారం 2010 జూన్‌లో గాని ప్రారంభం కాలేదు.

ఇక్కడ గిరాకీ ఉంది, కారు ఉంది. తయారుచేసే చోటు లేదు. దీన్ని సరఫరా పక్షపు జాప్యం అంటాం.

7.4 యూరప్‌లో జాప్యం: ప్రమాణాల గడప

2009 మార్చిలో జెనీవా ప్రదర్శనలో టాటా వారు ‘నానో యూరోపా’ నమూనాను చూపి, 2011లో యూరప్‌కు తెస్తామన్నారు. యూరప్‌లో ఏ కొత్త నమూనా అయినా ముందుగా ‘టైప్ అప్రూవల్’ పొందాలి. ఒక సభ్యదేశంలో ఆమోదం లభిస్తే మిగతా దేశాల్లోనూ చెల్లుతుంది. అయితే ఉద్గారాలు, బ్రేకులు, ప్రమాద రక్షణ అన్నీ పరీక్షకు నిలవాలి.

ఈ గడపను అర్థం చేసుకోవడానికి హైదరాబాద్-శ్రీశైలం రహదారిపై మన్ననూర్ అటవీ చెక్‌పోస్టును గుర్తు తెచ్చుకోండి. రాత్రి 9 గంటలకు గేటు వేస్తే తిరిగి ఉదయం 6 గంటలకే తీస్తారు. అయిదు నిమిషాలు ఆలస్యంగా చేరినవారు తొమ్మిది గంటలు ఆగాలి. ప్రమాణాల గడువు కూడా ఇలాంటిదే. యూరప్‌లో యూరో 5 ఉద్గార ప్రమాణం కొత్త నమూనాలకు 2009 సెప్టెంబరు నుంచి, అమ్ముడయ్యే కొత్త కార్లన్నింటికీ 2011 జనవరి నుంచి వర్తించింది. పాత ప్రమాణానికి తయారై ఆ గడువు దాటిన కారు మళ్లీ ఇంజనీర్ల బల్ల మీదికి వెళ్లాల్సిందే.

నానోకు అసలు చిక్కు ధర దగ్గర వచ్చింది. లక్ష రూపాయల కారుగా రూపొందించడం కోసం అనేక సదుపాయాలు తగ్గించారు. యూరప్ కోసం ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ చేర్చాలి, స్టీరింగును ఎడమకు మార్చాలి, ఉద్గారాలు తగ్గించాలి. ఒక్కొక్కటి చేర్చేకొద్దీ ధర పెరుగుతుంది. చవక అనే ఏకైక బలం కరిగిపోతుంది. దీన్ని రూపకల్పన పక్షపు జాప్యం అంటాం. స్థలం మార్చినంత మాత్రాన ఇది తీరదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ నిర్వహించిన ఢీకొట్టే పరీక్షలో భారతీయ నానోకు ఒక్క నక్షత్రం కూడా రాలేదు. ఆమోదపు గడప కేవలం ఆటంకం కాదని, లోపల కూర్చునే కుటుంబానికి రక్షణ అని ఈ ఫలితం గుర్తుచేస్తుంది.

7.5 భారం ఎవరిది?

పెద్ద కంపెనీ ఒక కారు నష్టాన్ని మరో కారు లాభంతో పూడ్చుకోగలదు. చిన్న సరఫరాదారుకు ఆ వీలుండదు. ఒక చిన్న విడిభాగాల యూనిట్ 12 శాతం వడ్డీకి 25 లక్షల రూపాయల అప్పు తెచ్చిందనుకుందాం. విడుదల ఆరు నెలలు ఆగితే, ఒక్క బోల్టు అమ్మకుండానే 1,50,000 రూపాయల వడ్డీ కట్టాలి. అద్దె, జీతాలు దీనికి అదనం. మరోవైపు, లోపం సరిచేయకుండా విడుదల చేస్తే ఆ భారం కొనుగోలుదారు ప్రాణాలపై పడుతుంది. కాబట్టి జాప్యం ఖర్చును, తొందరపాటు ఖర్చును పక్కపక్కన పెట్టి తూచాలి.

7.6 సారాంశం

సరఫరా పక్షపు జాప్యాన్ని పెట్టుబడితో, ప్రణాళికతో తగ్గించవచ్చు. రూపకల్పన పక్షపు జాప్యానికి కారును మళ్లీ రూపొందించడమో, ఆ మార్కెట్‌ను వదులుకోవడమో తప్ప మార్గం లేదు. నానో మొదటిదాన్ని దాటింది, రెండోదాన్ని దాటలేదు. 2018 జూన్ నెలలో ఒకే ఒక్క నానో తయారైంది. ఇకపై ఏదైనా కారు విడుదల వాయిదా పడిందన్న వార్త చదివినప్పుడు, అది ఏ గేటు దగ్గర ఆగిందో ముందు చూడండి.

మీ అభ్యసన ప్రగతిని పరిశీలించుకోండి

1. ఆవిష్కరణకు, విడుదలకు గల తేడా ఏమిటి?
2. సరఫరా పక్షపు జాప్యానికి మీ జిల్లా నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.

నమూనా పరీక్ష ప్రశ్న

నానో విషయంలో భారతదేశంలోనూ, యూరప్‌లోనూ జరిగిన జాప్యాలను పోల్చి చర్చించండి.